ఇంటి చుట్టూ ఒకసారి

మా ఆవిడ లారీ ఎక్కిన ఆ వానాకాలంలో మా ఇంట్లో తప్పు చేయని మనిషంటూ ఉంటే అది మా ఆవిడ ఒక్కతే. మిగతా ముగ్గురం, అంటే నేనూ, మా అమ్మా, ఎనిమిదేళ్ళ మా పిల్లా, కలిసికట్టుగా, ఎంతో ప్రేమగా, ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా తప్పు చేశాం.

నేను దర్జీని. ఇంటి ముందు గదే నా కొట్టు. మా ఆవిడ ఆరేళ్ళు స్కూలు వ్యాను నడిపింది. తర్వాత పెద్ద బండి లైసెన్సు తెచ్చుకుని, ఒక రవాణా కంపెనీలో కంటైనర్ లారీ మీద చేరింది. వెళితే పదిహేను రోజులు, ఒక్కోసారి ఇరవై. వస్తే రెండు రోజులు. ఈ మాట విని మా అమ్మ, పిల్లల వ్యాను తిప్పుకునేదానికి పద్నాలుగు చక్రాల బండి ఎందుకు, ఇది మూన్నాళ్ళ ముచ్చట అని తేల్చేసింది. "ఇంట గెలిచాను కదా అత్తయ్యా, రచ్చ కూడా చూసొస్తాను" అంది మా ఆవిడ. అమ్మ టిఫిన్ క్యారియర్ మూత చాలా గట్టిగా బిగించింది.

బయల్దేరిన రోజు పొద్దున వీధి వీధంతా కలప అడితి పక్క ఖాళీ స్థలంలో చేరింది. మా సందులోకి లారీ రాదు, అందుకని ఎప్పుడూ అక్కడే ఆపుతుంది. తను వేసుకున్న పాంటూ చొక్కా నేను కుట్టినవే. పాంటుకి కుడివైపు ఒక పట్టీ అదనంగా వేశాను, చెక్క సుత్తి తగిలించుకోవడానికి. అందరూ ఇంజను చప్పుడు కోసం చూస్తుంటే తను ఆ సుత్తి తీసి బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఒక్కో టైరు మీదా ఒక దెబ్బ వేయడం, చెవి పెట్టి వినడం. గాలి నిండుగా ఉన్న టైరు మీద కొడితే సుత్తి ఎగిరి చేతిలోకి వస్తుంది. గాలి దిగిన టైరు మెత్తగా 'బొద్' అంటుంది. టైర్లయ్యాక లైట్లు, అద్దాలు, వెనక తలుపుల గడియలు. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. వచ్చినవాళ్ళలో సగంమంది పని గుర్తొచ్చి వెళ్ళిపోయారు.

"నిన్న సాయంత్రం చూశావు కదమ్మా" అని పిల్ల విసుక్కుంది.

"నిన్నటిది నిన్న. నడిపేది నేను కదా, ఎక్కేముందు నేనే చూసుకోవాలి."

తర్వాత పిల్లని ముద్దు పెట్టుకుని, అమ్మ కాళ్ళ మీద పడ్డ బురద తుడిచి, నా వంక చూసి నవ్వి ఎక్కింది. నిద్రపోయే చోటికి అడ్డంగా నేను కుట్టిచ్చిన నీలం పరదా కిటికీలోంచి కనిపించింది. యూనిఫారాలు కుట్టగా మిగిలిన గుడ్డ అది. లారీ మలుపు తిరిగేదాకా అమ్మ కళ్ళు ఆర్పలేదు. మలుపు తిరిగాక, దుమ్ము పడిందంది. వానలో దుమ్మేమిటని నేను అడగలేదు.

ఆ మర్నాడే మా తప్పు మొదలైంది. ఎదురింటి పెద్దాయన వెనకటికి బస్సు డ్రైవరు. స్టీరింగు పట్టే మనిషికి బెంగ పెట్టకూడదని ఆయన అమ్మకి చెప్పాడు. ఇంటి గొడవ ఒకటి ఫోన్‌లో విని, దాన్నే తలుచుకుంటూ బండిని కాలవలోకి దింపిన వాడి కథ కూడా వినిపించాడు. అమ్మ ఇంటికొచ్చి చట్టం చేసింది. ఇకమీదట ఫోన్‌లో చెడుమాట వినపడకూడదు. ఏమడిగినా 'అంతా బాగుంది' అనాలి. ఇంటికొచ్చిన రెండు రోజులూ కోడలి చేత పూచికపుల్ల కూడా ఎత్తించకూడదు. ఉద్యోగం వద్దే వద్దన్న మనిషి, మూన్నాళ్ళ ముచ్చట అన్న మనిషి, ఆ ఉద్యోగానికి మా అందరికంటే పెద్ద కాపలాదారు అయి కూర్చుంది.

తను రోజూ సాయంత్రం నాలుగింటికి ఎక్కడో ఒకచోట బండి ఆపి, టీ తాగుతూ ఫోన్ చేసేది. పిల్ల స్కూలు నుంచి వచ్చే వేళ అది. అమ్మ పక్కన నించుని పిల్లని చూస్తుండేది, పిల్ల పాఠం అప్పజెప్పినట్టు 'అంతా బాగుందమ్మా' అనేది. నేనూ అదే అనేవాణ్ణి. మొదట్లో అరగంట మాట్లాడుకునేవాళ్ళం. అంతా బాగున్నప్పుడు మాట్లాడుకోవడానికి ఏముంటుంది? పదిరోజులకల్లా ఐదు నిమిషాలకి దిగింది.

మొదటిసారి తిరిగొచ్చినప్పుడు కొత్త పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశాం. కొత్త దుప్పటి పరిచాం. వేణ్ణీళ్ళు తోడిపెట్టాం. చీపురు పట్టుకోబోతే అమ్మ లాక్కుంది, గిన్నె కడగబోతే నేను లాక్కున్నాను. మొహం కడుక్కోవడానికి వెళ్ళి ఒళ్ళంతా తడుపుకుని వచ్చింది. స్నానాలగదిలో కుళాయి ఎప్పుడూ కారుతుండేది, తనే వాషరు మార్చి నెట్టుకొచ్చేది. వచ్చేసరికి ఆ తలనొప్పి ఉండకూడదని నేను ప్లంబర్ని పిలిచి మొత్తం మార్పించేశాను. కొత్త కుళాయి రెండోవైపుకి తిరుగుతుంది. తను పాత అలవాటున తిప్పింది.

"పాతది ఏం చేశారు?" అంది తల తుడుచుకుంటూ.

"ఇనపసామాన్లవాడికి ఇచ్చేశాను. నీకిక ఆ బాధ లేదు."

"ఊఁ" అంది.

అప్పుడే పిల్ల నవ్వింది. పైవరసలో రెండు పళ్ళు లేవు. ఎప్పుడు ఊడాయని తను అడిగితే పిల్ల నాయనమ్మ వైపు చూసింది. ఒక పన్ను స్కూల్లో ఊడి కాస్త రక్తం వచ్చింది, ఏడ్చింది కూడా. అందుకని అమ్మ దాన్ని చెడువార్తల్లో జమచేసింది. మా ఆవిడ పిల్ల గడ్డం పట్టుకుని ఆ ఖాళీలో వేలు పెట్టి చూసింది. కొత్త పన్ను మొన అప్పటికే తగులుతోందిట.

రెండో ప్రయాణంలో వానలు ముదిరాయి. కుట్టాల్సిన యూనిఫారాలు నా చుట్టూ గుట్టలు పడ్డాయి. అయినా ఇల్లు గడియారంలా నడిపానని నాకు గర్వంగా ఉండేది. వంటింట్లో అరలన్నీ అమ్మకి అందేలా కిందకి సర్దేశాను. పిల్లకి నాలుగు రోజులు జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, రాత్రీ పగలూ తడిగుడ్డ వేశాను, తగ్గించాను. ఆ నాలుగు రోజులూ ఫోన్‌లో పిల్ల ఏదంటే, స్కూలయ్యాక డ్రాయింగు క్లాసుకి వెళుతోందని చెప్పాను. దర్జీవాడికి అతుకులు కనపడకుండా కుట్టడం కష్టమేం కాదు.

పద్దెనిమిది రోజులకి వచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పి, ముందు గదిలో కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఎప్పుడూ కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూర్చుంటారు. అంచుమీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని. తనూ అలాగే కూర్చుంది.

"కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" అంది.

నేను పరుగెత్తుకెళ్ళి తెచ్చిచ్చాను. ఇచ్చాక మళ్ళీ మిషను మీద కూర్చున్నాను గానీ కుట్టు వంకర పోయింది. పదకొండేళ్ళ కాపురంలో మా ఆవిడ మా ఇంట్లో మంచినీళ్ళు అడగడం అదే మొదటిసారి.

సాయంత్రం పిల్ల పుస్తకాల సంచి సర్దుతుంటే స్కూలు డైరీ తన చేతికి దొరికింది. 'జ్వరం కారణంగా నాలుగు రోజులు రాలేదు' అని టీచరు రాసింది, కింద నా సంతకం. తను చదివింది, తేదీలు చూసింది, డైరీ మూసి సంచిలో పెట్టింది. దెబ్బలాడుతుందని నేనూ అమ్మా కుక్కిన పేనుల్లా కూర్చున్నాం. ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, బండి దగ్గర చిన్న పనుందని వెళ్ళింది. రెండు గంటలైనా రాలేదు. గొడుగేసుకుని వెళ్ళాను.

క్యాబిన్‌లోకి ఎక్కడం నాకదే మొదలు. ఏ కాలు ముందు పెట్టాలో తెలియక మోకాలు కొట్టుకుపోయింది. నీలం పరదా తీసి చూస్తే తను నిద్రపోతోంది. చేతులు రెండూ బారజాపుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని, ఆదమరిచి నిద్రపోతోంది. ఇంట్లో రెండుసార్లూ గోడవైపు ముడుచుకుని పడుకుంది, చుట్టాలింట్లో పడుకున్నట్టు. నేను చుట్టూ చూశాను. అద్దానికి పిల్ల జడక్లిప్పు. చెంచాలకి ఒక డబ్బా, పంచదారకి ఒక డబ్బా. తుడిచే గుడ్డ నాలుగు మడతలు వేసి ఉంది, ఇదివరకు మా వంటింట్లో మడతపెట్టినట్టే. ఏ వస్తువైనా చెయ్యి చాస్తే అందుతుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇల్లు కావాలంటే ఎక్కడ వెతుక్కోవాలో మా ఆవిడకి తెలిసినట్టుంది, అది మా సందులో మాత్రం కాదు.

చప్పుడుకి లేచింది. "ఎంతసేపయింది వచ్చి?"

"ఇప్పుడే" అన్నాను. అబద్ధం చెప్పడం అలవాటైపోయింది.

పక్కకి జరిగి చోటిచ్చింది. అద్దం మీద వాన కారుతోంది. కాసేపటికి తనే చెప్పింది. కంపెనీవాళ్ళు కొత్త దారి ఇస్తామంటున్నారట, సరిహద్దు అవతలికి. వెళితే రెండు నెలలు. ఈసారి వెళ్ళి తిరిగొచ్చేలోగా ఔనో కాదో చెప్పమన్నారట.

"ఏం చెబుదామనుకుంటున్నావు?"

"సరే అందామనుకుంటున్నాను."

ఎందుకని అడిగాను.

"ఎందుకేముందండీ. ఇక్కడ అంతా బాగుంది కదా."

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ నాలుగు మాటలు వెతుక్కునేవాణ్ణి. నడిపే మనిషికి బెంగ పెట్టకూడదని, అమ్మ అని, ఎదురింటి పెద్దాయన అని, కాలవలో పడ్డ బండి అని ఏదో గొణిగాను.

"నేను మీతో మాట్లాడేది బండి ఆపాకే" అంది. "బెంగ కూడా ఆపాకే పడతాను. పడనివ్వండి. ఆ నాలుగు రోజులూ నేను టీ కొట్టు బల్లమీద కూర్చుని, మా పిల్ల బొమ్మలేస్తోందిట అని పక్కవాళ్ళకి చెప్పి నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గేస్తోంది."

నేను పరదా అంచు కుట్టుని వేలితో తడుముతూ కూర్చున్నాను.

"మీరు నన్ను అరచేతుల్లో పెట్టుకుని చూస్తున్నారు, నాకు తెలీదా? కానీ నడిపేవాళ్ళు బండి చుట్టూ తిరిగి, కొట్టి చూసుకుని ఎక్కుతారు. చార్జీ ఇచ్చి ఎక్కినవాళ్ళు వచ్చి కూర్చుంటారు, అంతే. ఇంటికొస్తే నేను వచ్చి కూర్చుంటున్నాను. కొట్టి చూసుకోవడానికి నాకేమీ మిగల్చలేదు మీరు."

ఆ మర్నాడు పొద్దున తను వెళ్ళిపోయాక అమ్మని కూర్చోబెట్టి అంతా చెప్పాను. రెండు నెలల దారి సంగతి కూడా చెప్పాను. అమ్మ చాలాసేపు కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత చీర కుచ్చిళ్ళు మోకాలిదాకా ఎత్తి చూపించింది. మోకాలు నీలంగా కమిలి వాచి ఉంది.

"కొత్త కుళాయి కింద నీళ్ళు కారుతున్నాయిరా. వారం కింద జారిపడ్డాను."

"నాకు కూడా చెప్పలేదేం?"

"నీకు చెబితే నువ్వు దానికి చెప్పేస్తావని."

మా చట్టం ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియక వేడినీళ్ళు కాచి మోకాలికి కాపడం పెట్టాను.

నాలుగింటికి ఫోన్ మోగింది. పిల్ల అందుకోబోతే అమ్మ కుంటుతూ వచ్చి లాక్కుంది.

"అమ్మాయ్, బండి ఆపావా? చేతిబ్రేకు వేశావా? టైర్ల కింద రాళ్ళు పెట్టావా? అయితే విను. ఇక్కడ ఏమీ బాగాలేదు."

అని మొదలుపెట్టింది. నెలన్నర ఆనకట్ట వేసిన నీళ్ళు అవి. నీ మొగుడు పెట్టించిన కుళాయి పట్టుమని రెండు నెలలు కాకుండానే కారుతోంది. నేను జారి మోకాలు విరగ్గొట్టుకోబోయాను. నీ కూతురు ఎనిమిదో ఎక్కం దగ్గర ఆగిపోయింది, ఎంత తోసినా తొమ్మిదిలోకి రావట్లేదు. వంటింట్లో అరలన్నీ మార్చేశాడు, నాకే ఏదీ దొరకట్లేదు, నీకేం దొరుకుతుంది. పెరట్లో వాననీళ్ళ గొట్టం ఎక్కడో మూసుకుపోయింది, గోడంతా చెమ్మ. ఇవన్నీ ఎవరు చూస్తారనుకుంటున్నావు?

నేను మిషను తొక్కడం ఆపేశాను. అప్పుడు తన గొంతు వినపడింది, నా దాకా వినపడేంత గట్టిగా.

"మోకాలికి ఏం రాశారు?"

అమ్మ చెప్పింది. అంతే, అరగంటపాటు మా ఆవిడ మా ముగ్గుర్నీ వరసబెట్టి కడిగేసింది. వారం రోజులు దాచినందుకు అమ్మని, కనిపెట్టనందుకు నన్ను, ఎనిమిదో ఎక్కం అప్పజెప్పించుకుని, ఎనిమిదేడుల దగ్గర తడబడినందుకు పిల్లని. నాకు తెలిసి ఆ రోజు తన టీ చల్లారిపోయి ఉంటుంది. అమ్మ ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంది.

"ఎన్నాళ్ళయిందిరా అది నన్ను తిట్టి" అంది.

ఆ రోజు నుంచి నాలుగింటికి మా ఇంట్లో చిట్టా విప్పడమే. నేను ప్లంబర్ని పిలవబోతే అమ్మ కస్సుమంది. ఆ కుళాయి కోడలిది, చెయ్యి వేశావంటే ఊరుకోనంది. కింద బకెట్ పెట్టి, పక్కన గోనెపట్టా పరిచాం. పదహారు రోజులు అది టప్ టప్ మంటూనే ఉంది. తను అన్నీ అడిగేది, అన్నీ చెప్పేది. రెండు నెలల దారి సంగతి మాత్రం ఎత్తలేదు. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. సరే అని చెప్పేసి ఉంటే? మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగి, బకెట్‌లో పడే చుక్కలు వింటూ కూర్చునేవాణ్ణి.

వానలు వెనకపట్టిన ఒక పొద్దున లారీ హారన్ వినపడింది. ముగ్గురం గుమ్మంలో నించున్నాం. తను సందు చివర కనిపించింది. భుజాన సంచి, చేతిలో చెక్క సుత్తి.

లోపలికి రాలేదు. సంచి అరుగుమీద పెట్టి, మా వంక ఒకసారి చూసి, ఇంటి చుట్టూ బయల్దేరింది. ముందు మెట్టు మీద ఒక దెబ్బ. కదులుతోంది. కిటికీ చట్రం మీద ఒకటి. పరవాలేదు. పిల్ల వెనకే పరుగెత్తింది, "తలుపు కొట్టాలి గానీ గోడలు కొడతారా అమ్మా" అంటూ. పెరటివైపు వాననీళ్ళ గొట్టాన్ని పైనుంచి కొట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. 'బొద్' అంది. తల్లీకూతుళ్ళు ఇద్దరూ చెవులు పెట్టి మళ్ళీ విన్నారు. వంటింటి తలుపులోంచి లోపలికొచ్చి, బల్లకాళ్ళు చూసింది, నా మిషను పాదానికి ఒకటి తగిలించింది, తర్వాత అమ్మ ముందు గొంతుకూర్చుని సుత్తిని మోకాలి మీద ఈకలాగా ఆనించింది.

"దీంట్లో గాలి దిగింది అత్తయ్యా."

"పాత టైరే. ఏదో అతుకు వేసి లాగించు" అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ అమ్మ కోడలి భుజం పట్టుకుని వదల్లేదు.

చివరికి నా దగ్గరికొచ్చింది. నా భుజం మీద కూడా ఒక దెబ్బ వేసి, చెవి దగ్గరగా పెట్టింది. ఇక ఉండబట్టలేక అడిగేశాను, ఆ రెండు నెలల దారి ఏమైందని.

"వద్దన్నాను. అత్తయ్య మోకాలి సంగతి చెప్పిన రోజే ఫోన్ చేసి వద్దని చెప్పేశాను."

"పదహారు రోజులయింది. నాకు చెప్పలేదేం?"

"నడిపే మనిషికి బెంగ పెట్టకూడదు" అంది మా ఆవిడ, మొహం కూడా మారకుండా. "కుట్టే మనిషికి కాస్త పెట్టచ్చు."

మంచినీళ్ళు తెస్తానని కదిలాను. తను అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది. పై అరలో గ్లాసుకోసం చెయ్యి పెట్టింది, దొరకలేదు. కింద అరలో వెతికింది, అక్కడున్నాయి.

"గ్లాసులు ఇక్కడ ఎవరు పెట్టారండీ?" అని కేకేసింది.

జవాబు కోసం చూడలేదు. ఆరు గ్లాసులు ఒక్కొక్కటే తీసి, పైఅరలో వాటి పాతచోట బోర్లించింది. ఏడోది చేతిలో ఉంచుకుని, తనే నీళ్ళు పట్టుకుని, నించునే గటగటా తాగింది.